సుదీర్ఘ చర్చ అనంతరం

కుర్చీల సంఘంలో పందొమ్మిదేళ్లుగా సమావేశాల మినిట్స్ రాస్తున్న ఆవిడని అందరూ మినిట్సమ్మగారనే పిలుస్తారు. అసలు పేరు రిజిస్టరులో ఉంది. దాన్ని అక్కడే ఉండనిద్దాం, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే పలకడం మానేసి చాలా కాలమైంది.

సంఘానికి కూడా పెద్ద పేరొకటి ఉంది. గుమ్మం మీద బోర్డులో మూడు వరసలు పట్టింది. చేసే పని మాత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నడవలేని మనిషి ఉన్న ఇంటికి చక్రాల కుర్చీ, మంచం, వాకరు, ఏది కావాలంటే అది ఊరికే వాడుకోవడానికి ఇస్తారు. ఆ మనిషి లేచి నడిచాక కుర్చీ తిరిగొస్తుంది. లేవకుండానే వెళ్లిపోయినా తిరిగొస్తుంది. మినిట్సమ్మగారి ఇంటికి ఇరవై ఏళ్ల కిందట భర్త కోసం వచ్చిన ఏడో నంబరు కుర్చీ రెండో రకంగా తిరిగెళ్లింది. కుర్చీ అప్పజెప్పడానికి వచ్చిన రోజున ఆవిడ ఊరికే కూర్చోలేక, బల్ల మీద చిందరవందరగా పడున్న కాగితాలు సర్దిపెట్టింది. అలా సర్దుతూ సర్దుతూ ఇక్కడే ఉండిపోయింది.

ఉన్నవి రెండు గదులు. ముందుగదిలో పొడుగాటి బల్ల, చుట్టూ సభ్యులకి తొమ్మిది కుర్చీలు, గోడకి చనిపోయిన వ్యవస్థాపక డాక్టరుగారి ఫొటో. వెనకగదిలో మెకానిక్కు, అతని పనిముట్లు, నూనె వాసన. ఏ కుర్చీ ఎవరింటికి వెళ్లాలో చీటీ రాసేది ముందుగది. బాగుచేసి పంపేది వెనకగది. చీటీ వచ్చాక కుర్చీ ఆపడానికి వెనకగదికి అధికారం లేదు, పాలకవర్గం తీర్మానిస్తే తప్ప. ఈ రూలు ఎవరు పెట్టారో తెలీదు గానీ, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి గుర్తుపెట్టుకోండి.

పాలకవర్గంలో తొమ్మిదిమంది. అందులో నలుగురు వార్షికోత్సవం ఫొటోలో తప్ప కనిపించరు. ఒకావిడ వస్తారు, సంతకం పెడతారు, వెళ్తారు. మిగిలిన నలుగురిలో మనకి కావలసినవాళ్లు ముగ్గురు. అధ్యక్షుడు మాస్టారు, ఎనభై రెండేళ్లు, ఊళ్లో సగంమందికి ఎక్కాలు నేర్పినాయన. మినిట్సమ్మగారికి కూడా ఆయనే చెప్పారు. రెండోవాడు ప్లీడరు. మూడోవాడు మందుల షాపాయన. వీళ్లిద్దరూ కూడా మాస్టారి శిష్యులే, అందుకే ఆయన ఎంత నిద్రపోయినా లేపే ధైర్యం ఎవరికీ లేదు.

అవును మరి, మాస్టారు నిద్రపోతారు. ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున్న పదింటికి సమావేశం. పదింబావుకల్లా ఆయన గడ్డం ఛాతీకి ఆనుతుంది. దాన్ని దొంగనిద్ర అనుకోవద్దు, పాపం, వయసు.

మినిట్సమ్మగారు మొదటి సమావేశంలో జరిగింది జరిగినట్టు రాసింది. "మందుల షాపు సభ్యులు తమ మోకాళ్ల నొప్పి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ప్లీడరుగారు తమ అల్లుడి కారు గురించి చెప్పారు. టీ వచ్చింది." అది చదివి ప్లీడరు ఎగిరిపడ్డాడు. "ఇవి మినిట్సా, అరుగు మీది కబుర్లా? అమ్మా, మినిట్సంటే మేం మాట్లాడింది కాదు. మేం మాట్లాడాల్సింది!"

ఆవిడకి ఆ ముక్క బుర్రకెక్కింది. అప్పట్నుంచి ప్రతి విషయం కింద ఒకటే వాక్యం. "సుదీర్ఘ చర్చ అనంతరం సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించి, తగు చర్య నిమిత్తం సంబంధిత సిబ్బందికి పంపాలని తీర్మానించారు." చేతిరాత ముత్యాలు. అక్షరం మీద అక్షరం పడదు. చదివితే ఆ బల్ల చుట్టూ దేశాన్నేలే మంత్రులు కూర్చున్నారా అనిపిస్తుంది.

ఇదంతా ఫెయిరు. రఫ్ వేరే ఉంది. ఆవిడ పెళ్లికి ముందు నుంచీ స్టెనోగ్రాఫరు. ముప్పై ఏళ్లు ఆఫీసులో డిక్టేషన్ తీసుకున్న చెయ్యి. పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే ఆ చెయ్యి ఊరుకోదు, షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటూ పోతుంది. అందుకే ప్రతి సమావేశం మాటకి మాట పెన్సిలుతో నోటుబుక్కుల్లో ఉంది. పందొమ్మిదేళ్లవి నలభై మూడు పుస్తకాలు. ఊళ్లో షార్ట్‌హ్యాండ్ వచ్చినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి ఆ పుస్తకాలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనుకునేవారు.

మూడు నెలల కిందట ముప్పై ఒకటో నంబరు కుర్చీ జారింది. టైలరుగారి తల్లి అందులో ఉంది. వాళ్లిల్లు ఏటవాలు వీధిలో. కొడుకు బ్రేకు వేసి, తలుపు తాళం పెట్టడానికి ఇటు తిరిగాడు. కుర్చీ అటు కదిలింది. కాలువ గట్టుకి కొట్టుకుని ఆవిడ తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక మంచం కూడా మన సంఘమే పంపించింది. దాన్ని ఏమనాలో నాకైతే తెలీదు.

సంఘానికి ఏటా కుర్చీలిచ్చే పెద్ద సంస్థ ఒకటుంది. వాళ్లకి కబురు తెలిసింది. కుర్చీ సంగతి అడగలేదు వాళ్లు. "మీ పాలకవర్గం ఎంత సమర్థంగా పనిచేస్తోందో మదింపు చేయించండి. అది చూశాకే కొత్త కుర్చీలు" అని రాశారు. మదింపుకి ఒక అమ్మాయిని కూడా వాళ్లే పంపారు. ముప్పై ఏళ్లుంటాయి, మనిషి మర్యాదస్తురాలు, వచ్చిన దగ్గర్నుంచీ కుదురుగా కూర్చుని పనిచేసుకుంది.

మొదటి పని, ఆ అమ్మాయి సభ్యులకి తలా ఒక ప్రశ్నల కాగితం ఇచ్చింది. ఎవరికి వాళ్లు అయిదుకి ఎన్ని మార్కులు వేసుకుంటారో వేసుకోవాలి. సమావేశానికి ముందు కాగితాలు చదువుతారా? సిబ్బంది చెప్పేది వింటారా? సంఘం ఇచ్చే వస్తువుల భద్రత గురించి అడుగుతారా? ప్లీడరు అన్నింటికీ అయిదు వేసేసి, "నాకు కాగితం చదవక్కర్లేదమ్మా, వాసన చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు. మందుల షాపాయన మెడ సాచి పక్కవాడి కాగితంలోకి చూస్తుంటే, అంతదాకా కునుకుతున్న మాస్టారు ఉలిక్కిపడి లేచి, "ఏయ్! ఎవడిది వాడు రాయండిరా!" అని బల్ల చరిచారు. అరవై ఏళ్లవాడు చటుక్కున మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మాస్టారు మాత్రం కాగితం మీద ఏమీ రాయకుండా చాలాసేపు చూసి, ఖాళీగానే మడిచి ఇచ్చేశారు.

తర్వాత ఆ అమ్మాయి మూడేళ్ల మినిట్స్ ముందేసుకుని రెండు రోజులు చదివింది. చదివి, "అమ్మా, ఎన్నో సంఘాలు చూశాను. ఇంత శుభ్రమైన మినిట్స్ ఎక్కడా చూడలేదు" అంది. మినిట్సమ్మగారు ఆ రోజంతా నేల మీద నడవలేదు. ఇంటికెళ్లి ఆడపడుచుకి చెప్పింది, పాలవాడికి చెప్పింది. పందొమ్మిదేళ్లకి ఒక్క మెప్పు, మనిషన్నాక ఆ మాత్రం ఆనందం ఉండదూ?

గురువారం నాడు నివేదిక ముసాయిదా వచ్చింది. పాలకవర్గానికి అయిదుకి నాలుగున్నర మార్కులు. ఆవిడ ముందు ఆ అంకె చూసి మురిసిపోయింది. కింద ఇలా ఉంది: "చక్రాల కుర్చీల బ్రేకుల లోపం గురించి మెకానిక్ ఇచ్చిన ఉత్తరాలను పాలకవర్గం మూడు సమావేశాల్లో సుదీర్ఘంగా చర్చించి, మూడుసార్లూ సరైన నిర్ణయమే తీసుకుంది. ఆ నిర్ణయం అమలు చేయవలసిన ఉద్యోగి అమలు చేయలేదు. ప్రమాదానికి బాధ్యత అతనిదే. అతన్ని తొలగించవలసిందిగా సూచన."

రెండోసారి చదివి ముసాయిదా బల్ల మీద బోర్లించింది. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికేముంది? కాగితంలో ఉన్నదే చదివింది. కాగితంలో ఉన్నది ఈవిడ రాసిందే. ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక మనిషి మెడకి ఉరితాడు పేనింది.

ఆ మనిషి ఎవరనుకున్నారు? పదహారేళ్లుగా వెనకగదిలో ఉంటున్నవాడు. అంతకు ముందు ఇదే పని బయట అద్దె షెడ్డులో చేసేవాడు. ఆవిడ భర్త కుర్చీలో ఉన్న ఏడాదీ నెలకోసారి ఇంటికొచ్చి, పాదాల పలక ఆయన కాలి పొడవుకి సరిచేసి, "బావగారూ, ఇప్పుడెలా ఉందండీ?" అని నేల మీద కూర్చుని అడిగినవాడు. ఆ పలకరింపు కోసం ఆయన నెలంతా ఎదురుచూసేవాడు.

ఆవిడ వెనకగదిలోకి వెళ్లింది. మెకానిక్కు ఒక చక్రం తిప్పి చూస్తున్నాడు. ముసాయిదా సంగతి అప్పటికే చెవిన పడింది.

"అక్కయ్యగారూ, నేనిచ్చిన ఉత్తరాలు మూడు. వచ్చిన జవాబులు సున్నా. తీర్మానం చేశారని ఆ అమ్మాయి చెప్తేనే నాకు తెలిసింది. అంత మంచి తీర్మానం చేసినవాళ్లు నాకో ముక్క చెప్పొచ్చుగా అండీ?" అన్నాడు.

ఆవిడ ఆ మాట దాటేసింది. "మరి ఆ ముప్పై ఒకటి పంపకుండా ఉండాల్సింది కదయ్యా?"

"చీటీ వచ్చింది. ఆపడానికి నేనెవర్ని? కొత్త బ్రేకులు తెప్పించాలన్నా మీ తీర్మానమే కావాలి. తీగ కట్టి బిగించాను. ఆ టైలరుగారికి వంద సార్లు చెప్పాను, చక్రం వెనకాల ఇటుక పెట్టకుండా కదలొద్దు బాబూ అని. పెడుతూనే ఉన్నాడు పాపం. ఆ ఒక్క రోజే మర్చిపోయాడు." చక్రం ఆగేదాకా దానికేసే చూసి, "ఉద్యోగం పోతే పోయింది అక్కయ్యగారూ. నావల్ల ఆవిడ పడిందని రాసి పంపించేస్తే, ఇంక ఏ మొహం పెట్టుకుని ఆ వీధిలో నడవను?" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ ఆ మూడు సమావేశాల నోటుబుక్కులు ఇంటికి తెచ్చుకుని కూర్చుంది. ఆడపడుచు ఎదురుగా కూరగాయలు తరుగుతోంది. ఇద్దరూ మొగుళ్లని పోగొట్టుకుని ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆడపడుచుకి నోరెక్కువ, ప్రేమ అంతకన్నా ఎక్కువ.

మొదటి సమావేశం. ఈవిడ "మెకానిక్ ఉత్తరం, బ్రేకుల గురించి" అని చదివింది. ప్లీడరు అల్లుడి కారు బ్రేకుల కథ ఎత్తుకున్నాడు. అయిపోయింది. రెండో సమావేశం. ఉత్తరం అనగానే టీ వచ్చింది. టీతోపాటు మోకాళ్లు వచ్చాయి. అయిపోయింది. చదువుతుంటే ఆవిడకి కోపం, నవ్వు కలిసి వచ్చాయి. రేపు సమావేశంలో ఇదంతా పైకి చదివితే సరి, ఎవరి బండారం ఏమిటో తేలిపోతుంది అనుకుంది.

మూడో పుస్తకం తెరిచింది. నాలుగో పేజీలో ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఏమైంది వదినా? అలా బిగుసుకుపోయావేం?"

ఆవిడ చదివి వినిపించింది. "మాస్టారు: ఆ ఉత్తరమేదో మళ్లీ వచ్చిందన్నావే, ఏమిటమ్మా అది? చదువు. నేను: ఏముంది మాస్టారూ, ఎప్పుడూ రాసేదే. పన్నెండు దాటింది. వచ్చే నెల చూద్దాం. మాస్టారు: సరే అయితే."

వచ్చే నెల ఆ ఉత్తరం ఎజెండాలో లేదు. ఎజెండా రాసేది కూడా ఈవిడే. మినిట్సులో మాత్రం సుదీర్ఘ చర్చ జరిగిపోయింది.

ఆ రోజు ఎందుకు తొందరపడిందో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. బస్సు దొరకదనుకుందో, స్టవ్ మీద పాలు మర్చిపోయిందో, కళ్లద్దాల షాపుకి వెళ్లాల్సి ఉందో. ఏదో ఒకటి. గుర్తు కూడా ఉండనంత చిన్న పని. ఆ చెయ్యికి మాత్రం తన, పర అని లేదు. అందరి మాటలూ రాసినట్టే ఈవిడ మాటా రాసేసింది.

ఆడపడుచు కత్తిపీట పక్కకి పెట్టింది. "ఆ నాలుగు మాటలూ దాటేయ్ వదినా. మిగతావన్నీ చదివెయ్. అతని ఉద్యోగం నిలబడుతుంది, నీ పరువూ నిలబడుతుంది. కోడి కెలికినట్టున్న ఆ గీతలు నువ్వు తప్ప ఈ భూమ్మీద ఎవరు చదవగలరు?"

"అదేనే నా బాధ. ఎవరైనా చదవగలిగితే బాగుండేది. నేను చెప్పక్కర్లేకపోయేది."

"తిలాపాపం తలా పిడికెడు. తొమ్మిదిమంది చేసినదానికి నువ్వొక్కదానివే ఎందుకు నెత్తినేసుకోవడం? రేపట్నుంచి ఆ గడప తొక్కనిస్తారా నిన్ను? ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్, నా మొహం చూస్తూ?"

సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదని మళ్లీ ఓ విడత చీవాట్లు తింది.

శనివారం పది గంటలు. విచిత్రం చూడండి, తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది వచ్చారు. మార్కులొచ్చే రోజు బడికి అందరూ వస్తారు. మదింపు అమ్మాయి నివేదిక చదివింది. నాలుగున్నర అనగానే మందుల షాపాయన ఆనందం పట్టలేక పక్కాయన భుజం తట్టాడు. మెకానిక్కుని పిలిపించి గుమ్మం దగ్గర నిలబెట్టారు. కూర్చోమని ఎవరూ అనలేదు. తొమ్మిదో కుర్చీ ఖాళీగానే ఉంది.

ప్లీడరు లేచాడు. "మాకూ బాధగానే ఉంది. కానీ మేం మూడుసార్లు తీర్మానం చేశాక కూడా చెయ్యకపోతే ఎలా? కాబట్టి తొలగింపు ప్రతిపాదన, సుదీర్ఘ చర్చ అనంతరం, ఏకగ్రీవంగా..."

"ఒక్క నిమిషం అండీ" అంది మినిట్సమ్మగారు.

అందరూ అటు తిరిగారు. ఫ్యాను మాట్లాడినా అంత ఆశ్చర్యపోయేవారు కాదు.

"ఆ చర్చ జరగలేదండీ. మూడుసార్లూ జరగలేదు. నేను ఊరికే రాశాను. జరిగింది ఇందులో ఉంది." నోటుబుక్కులు బల్ల మీద పెట్టింది.

ప్లీడరు మొహం కందగడ్డ అయింది. "ఆ గీతలు పట్టుకొచ్చి సాక్ష్యం అంటే ఎలా? అందులో ఏముందో ఎవడికి తెలుసు?"

"చదవనివ్వండి" అంది మదింపు అమ్మాయి. పెన్ను చేతిలోకి తీసుకుంది.

ఆవిడ చదివింది. ఆఫీసులో డిక్టేషన్ తిరిగి చదివినట్టే, హెచ్చుతగ్గుల్లేకుండా, ఒకే గొంతుతో. ప్లీడరుగారి అల్లుడి కారు, అది ఎక్కిన ఫుట్‌పాత్, దాని మీద కేసు. మందుల షాపాయన కుడి మోకాలు, తర్వాత ఎడమ మోకాలు. బిస్కెట్లు మెత్తబడ్డాయన్న ఫిర్యాదు, దాని మీద నిజంగానే జరిగిన చర్చ, ఏడు నిమిషాలు. బల్ల చివర ఎవరికో నవ్వాగక దగ్గొచ్చింది.

"నేను మోకాళ్ల గురించి అన్నిసార్లు మాట్లాడానా?" అన్నాడు మందుల షాపాయన, చిన్నబోయి.

"మూడేళ్లలో ముప్పై రెండుసార్లండీ."

మాస్టారు వినికిడి మిషను సరిచేసుకున్నారు. ఈసారి ఆయన కళ్లు బాగా తెరిచే ఉన్నాయి. "నేను నిద్రపోవడం కూడా రాశావా అమ్మా?"

"రాశాను మాస్టారూ. గురక వినిపించిన చోటల్లా ఒక చుక్క పెడతాను." పుస్తకం ఆయన వైపు తిప్పింది. పేజీ నిండా చుక్కలే. పెద్దాయన ఆ చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతూ పోయారు.

"మూడు సమావేశాలన్నావు. రెండే చదివావు" అన్నారు.

ఆవిడ మూడో పుస్తకం తెరిచి నాలుగో పేజీ దాకా తిప్పింది.

"సరేలే. మూడోదాన్లోనూ ఇంతే అయ్యుంటుంది. అధ్యక్షుడు నిద్రపోయాక ఇంకెవరు అడుగుతారు? ఆ అబ్బాయి ఉత్తరం నా నిద్రలో కలిసిపోయింది." గుమ్మం వైపు తిరిగి, "తప్పు నాదిరా నాన్నా" అని, మళ్లీ ఈవిడ వైపు తిరిగారు. "రాసుకో అమ్మా. అధ్యక్షుడి నిద్రవల్ల అని రాయి. నేను సంతకం పెడతాను."

అంతే. అక్కడితో అయిపోయేది. మెకానిక్కు ఉద్యోగం నిలబడినట్టే. నేరం తనంతట తానే మోయడానికి ఎనభై రెండేళ్ల మనిషి ముందుకొచ్చాడు. ఈవిడ చెయ్యవలసిందల్లా తలొంచుకుని రాసుకోవడమే, ఆ పని పందొమ్మిదేళ్లుగా చేస్తున్నదే.

మూడో పుస్తకం నాలుగో పేజీ ఆవిడ ముందు తెరిచే ఉంది. ఆ పేజీలో ఒక్క చుక్క లేదు.

"లేదు మాస్టారూ" అంది. గొంతు ఇప్పుడు డిక్టేషన్ గొంతు కాదు. "ఆ రోజు మీరు మెలకువగానే ఉన్నారు. అడిగారు కూడా. మొత్తం మూడు సమావేశాల్లో ఆ ఉత్తరం ఏమిటని అడిగింది మీరొక్కరే. వద్దన్నది నేను."

చదివింది. "నేను: ఏముంది మాస్టారూ, ఎప్పుడూ రాసేదే." 'నేను' అనే మాట దగ్గర ఒకసారి ఆగి, మళ్లీ మొదట్నుంచి చదివింది, సరిగ్గా వినపడలేదేమోనని. చివరిదాకా చదివి పుస్తకం మూసింది.

ఆవిడ గుమ్మం వైపు చూడలేకపోయింది.

మాస్టారే అడిగారు. "ఆ ఉత్తరం ఉందా?"

ఉంది. ఫైల్లో, నంబరు వేసి, తేదీ వేసి. కవరు అంటించినట్టే ఉంది. పైన "బ్రేకుల గురించి" అని రాసుంటే, విషయం తెలిసిందే కదా అని ఆవిడ విప్పలేదు. మూడో ఉత్తరాన్ని ఈ భూమ్మీద ఎవరూ చదవలేదు.

"ఇప్పుడు చదువు" అన్నారు మాస్టారు.

ఆవిడ కవరు చింపింది. మెకానిక్కు పెద్ద పెద్ద అక్షరాలు.

"పాలకవర్గం పెద్దలకు నమస్కారం. కింద రాసిన నంబర్ల కుర్చీలకు బ్రేకు లివరు అరిగిపోయింది. తీగతో బిగించాను. అది ఎక్కువ రోజులు ఆగదు. ఏటవాలు వీధుల్లోకి ఇవ్వవద్దని మనవి. 9, 14, 22, 27..."

ఆవిడ ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"ముప్పై ఒకటి" అన్నాడు మెకానిక్కు గుమ్మం దగ్గర్నుంచి, మెల్లిగా. "తర్వాత ముప్పై ఆరండీ. అంతే, ఆరు కుర్చీలు."

"ఇంకా ఏదో ఉందమ్మా కింద" అంది మదింపు అమ్మాయి.

ఉంది. రెండు వరసలు. ఆవిడ చదివింది. "ముందు రెండు ఉత్తరాలు మీ దాకా రాలేదేమోనని అనుకుంటున్నాను. అందుకని ఈసారి మినిట్సమ్మ అక్కయ్యగారి చేతికే ఇస్తున్నాను. ఆవిడ చేతిలో పెడితే ఆవిడ తప్పకుండా చదివి వినిపిస్తారు."

కాగితం బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుని, ఎనిమిదిమంది ముందు ఏడ్చేసింది మినిట్సమ్మగారు. ఆ మనిషి అలా ఏడవడం మొగుడు పోయిన రోజున కూడా ఎవరూ చూడలేదు.

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. ఆయన కూడా రాతిమనిషేం కాదు. కానీ అలవాటన్నది ఒకటుంటుందిగా. "సరే, ఆ కుర్చీలు వెనక్కి తెప్పిద్దాం. ఏకగ్రీవంగా..."

"కూర్చోరా" అన్నారు మాస్టారు. "చర్చ అవలేదింకా." గుమ్మం వైపు చూసి, "నువ్వూ లోపలికి రా నాన్నా. అక్కడ ఖాళీ ఉంది, కూర్చో" అన్నారు.

మెకానిక్కు ప్యాంటుకి చేతులు తుడుచుకుని తొమ్మిదో కుర్చీలో కూర్చున్నాడు.

రెండింటిదాకా మాట్లాడారు. మిగిలిన అయిదు కుర్చీలూ ఇప్పుడు ఎవరిళ్లలో ఉన్నాయి, ఏ వీధి, ఏ పాటి వాలు, ఈ సాయంత్రమే ఎవరు వెళ్లి తెస్తారు. ముందుగది చీటీ ఇచ్చినా, వెనకగది వద్దంటే కుర్చీ ఆగాలా? ప్లీడరు ఆగాలన్నాడు. మందుల షాపాయన వెనకగదికి అంత అధికారం ఎందుకన్నాడు. కేకలేసుకున్నారు. టీ వచ్చింది, చల్లారింది, ఎవరూ ముట్టలేదు. చివరికి చేతులెత్తమంటే అయిదుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. మందుల షాపాయన ఓడిపోయి కూడా, తన వ్యానులో కుర్చీలు తెస్తానని తాళాలు తీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనండి. అయినా ఆ ఆకులైనా పట్టుకున్నారు.

మదింపు అమ్మాయి నాలుగున్నర కొట్టేసింది. కొత్త అంకె ఏమిటో అప్పుడే చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ, "మాస్టారూ, ఆ రోజు మీ కాగితం ఖాళీగా ఎందుకిచ్చారు?" అని అడిగింది. "సున్నా వెయ్యడానికి గడి లేదమ్మా, ఒకటి నుంచి ఉన్నాయి" అన్నారాయన.

అందరూ వెళ్లాక మినిట్సమ్మగారు రిజిస్టరు తెరిచి, ఆనాటి మినిట్స్ రాసింది. ఎవరేమన్నారో రాసింది. అయిదు, మూడు అని రాసింది. వెనకటి మూడు సమావేశాల చర్చ తాను కల్పించి రాసిందని, అందుకని మినిట్స్ రాయడానికి వేరే మనిషిని చూసుకోవాలని కూడా రాసి, మాస్టారి ముందు పెట్టింది.

ఆయన ఎప్పుడూ చదవకుండా సంతకం పెట్టేవారు. ఈసారి కళ్లజోడు పెట్టుకుని మొదటి వరస నుంచి మొదలుపెట్టారు. అరగంట పట్టింది. ఆవిడ ఒకటో తరగతి పిల్లలా చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. "వేరే మనిషి" అన్న వరస దగ్గరికొచ్చి, పెన్నుతో ఒక్క గీత కొట్టేశారు. ఇంకాస్త చదివి ఒకచోట వేలు పెట్టారు.

"'మెకానిక్ ఉత్తరం చదివి వినిపించడమైనది' అని రాశావు."

"అవును మాస్టారూ. చదివాం కదా."

"ఎప్పుడొచ్చింది అది?"

"తొమ్మిది నెలల కిందట."

"అది రాయలేదే."

ఆవిడ పెన్ను తీసుకుని, రెండు వరసల మధ్య ఇరికించి, 'తొమ్మిది నెలలు ఆలస్యంగా' అని రాసింది. చోటు చాలక అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మాస్టారు చూసి, సంతకం పెట్టారు.